మూడు నేమ్‌ప్లేట్లు, ఒక కంపెనీ

రెండు నెలల క్రితం ఒక శుక్రవారం సాయంత్రం మా ఆఫీసులో అందరికీ ఒక మెయిల్ వచ్చింది. శుక్రవారం సాయంత్రం అందరికీ కలిపి వచ్చే మెయిల్ శుభవార్త అయ్యే అవకాశం తక్కువని ఈ ఫీల్డులో రెండేళ్ళు పనిచేసినవాడికెవడికైనా తెలుసు. మేమూ, మాతో ఇన్నాళ్ళూ పోటీపడ్డ ఇంకో కంపెనీ ఒకటైపోతున్నామట. "ఇద్దరు సమానుల కలయిక" అని రాశారు. ఎవరి ఉద్యోగానికీ ఢోకా లేదని మాత్రం ఎక్కడా రాయలేదు. మెయిల్ మూడుసార్లు చదివి మరీ వెతికాను, దొరకలేదు.

ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేస్తే నాన్న అడిగిన మొదటి ప్రశ్న: "ఏట్రా, మీ కంపెనీ పేరు మారిపోతాదంట?"

"అవును నాన్నా, ఇంకోదాంతో కలిపేస్తున్నారు."

"కలిపితే కలపనీ. మన సబ్‌స్టేషన్‌లో ప్లేట్లు గుర్తున్నాయా నీకు?"

గుర్తుండకేం! నాన్న కరెంటు డిపార్టుమెంటులో పనిచేసి ఈమధ్యే రిటైరయ్యాడు. విజయనగరం వైపు ఒక 132 కేవీ సబ్‌స్టేషన్‌లో చాలాకాలం ఆపరేటర్. మా క్వార్టర్స్ ఆ కాంపౌండులోనే ఉండేవి. ట్రాన్స్‌ఫార్మర్ల 'హమ్మ్' శబ్దం వినబడకపోతే నాకు నిద్రపట్టేది కాదంటే నమ్మండి. వేసవి సెలవుల్లో నాన్నకి క్యారేజీ ఇవ్వడానికి కంట్రోల్ రూమ్‌కి వెళ్తే, ఏమీ ముట్టుకోనని ఒట్టు వేయించుకుని కాసేపు కూర్చోనిచ్చేవారు. ముట్టుకోకూడదు కాబట్టి చదివేవాడిని. ఒక పాత ప్యానెల్ మీద 'హిందుస్థాన్ బ్రౌన్ బోవెరి' అని ఉండేది. బయట యార్డులో ఒక బ్రేకర్ మీద 'ఏసియా' అని ఉండేది, దాన్ని అక్కడ అందరూ 'ఆసియా బ్రేకర్' అనేవారు. నేను అది ఆసియా ఖండం తాలూకు బ్రేకరనీ, యూరప్‌కి వేరే ఉంటుందనీ అనుకునేవాడిని :-) కొత్తగా వచ్చిన రిలే మీద 'ఏబీబీ' అని ఎర్ర అక్షరాలు.

మూడు ప్లేట్లు, మూడు కంపెనీలు అనుకున్నాను. ఇంజనీరింగ్‌లో ట్రిపుల్ఈ చదివేటప్పుడు గానీ అవి మూడూ ఒకటేనని తెలియలేదు. ఏసియా, బ్రౌన్ బోవెరి అనే రెండూ కలిసి ఏసియా బ్రౌన్ బోవెరి, అంటే ఏబీబీ. తర్వాత నేను కూడా అందరిలాగే సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చి చదివింది మర్చిపోయాను. మా కంపెనీ పుణ్యమా అని ఈ రెండు నెలల్లో మళ్ళీ కూర్చుని ఆ కథంతా చదివాను. మా మెయిల్ అర్థం కావాలంటే ఆ కథ చెప్పుకోవాలి.

అసలు ఏసియా పుట్టుకే ఒక కలయిక. 1883లో లుడ్విగ్ ఫ్రెడ్‌హోమ్ అనే ఆయన స్టాక్‌హోమ్‌లో డైనమోలు చేసే కంపెనీ పెట్టాడు. ఆ డైనమోల డిజైన్ జోనాస్ వెన్‌స్ట్రోమ్ అనే కుర్ర ఇంజనీరుది. 1890లో వెన్‌స్ట్రోమ్ వాళ్ళ కంపెనీని ఇందులో కలిపితే ఏసియా అయింది, వెస్టెరోస్ అనే ఊరు దాని కేంద్రం. మన ఇళ్ళకి వచ్చే త్రీ ఫేజ్ కరెంటు మీద స్వతంత్రంగా పనిచేసిన తొలితరం వాళ్ళలో ఈ వెన్‌స్ట్రోమ్ ఒకడు. 1893లో స్వీడన్‌లో ఒక జలపాతం దగ్గర తయారైన కరెంటుని త్రీ ఫేజ్‌లో గ్రెంగెస్‌బెర్గ్ గనుల దాకా పంపిన ఘనత ఏసియాది. అన్నట్టు, ఆ రోజుల్లో ఏసియా లోగోలో మన స్వస్తిక్ గుర్తు ఉండేది. జర్మనీలో నాజీలు దాన్ని ఏం చేశారో చూశాక 1933లో తీసేశారు.

బ్రౌన్ బోవెరి కథ ఇంకోలా ఉంటుంది. చార్లెస్ బ్రౌన్, వాల్టర్ బోవెరి ఇద్దరూ స్విట్జర్లాండ్‌లో ఓర్లికాన్ అనే కంపెనీలో ఉద్యోగులు. ఇప్పటి భాషలో చెప్పాలంటే ఉద్యోగం మానేసి స్టార్టప్ పెట్టిన కొలీగ్స్. 1891లో జర్మనీలో లాఫెన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ దాకా 175 కిలోమీటర్లు త్రీ ఫేజ్ కరెంటు పంపి చూపించారు. దూరాలకి కరెంటు పంపడం కుదరదన్న వాళ్ళ నోళ్ళు ఆ దెబ్బకి మూతపడ్డాయి. ఆ ప్రయోగంలో ఓర్లికాన్ తరఫున ముఖ్యుడు ఈ బ్రౌనే. అదే ఏడాది బోవెరి మామగారి డబ్బుతో బాడెన్ అనే చిన్న ఊళ్ళో సొంత కంపెనీ తెరిచారు. (మామగారి డబ్బుతో కంపెనీ పెట్టడం మనవాళ్ళ పేటెంట్ అనుకుంటాం, కాదన్నమాట.) 1939లో న్యూషాటెల్ ఊరి కోసం వీళ్ళు తయారుచేసిన 4 మెగావాట్ల యంత్రం, కరెంటు ఉత్పత్తికి వాడిన మొదటి గ్యాస్ టర్బైన్.

ఏసియా వాళ్ళూ తక్కువ తినలేదు. ఊనో లామ్ అనే ఇంజనీరు డీసీ కరెంటుని ఎక్కువ వోల్టేజిలో పంపడం మీద పాతికేళ్ళు కూర్చున్నాడు. ఒక్క ప్రాజెక్టు మీద పాతికేళ్ళు! మనం పాతిక నెలలు ఉంటే లింక్డిన్‌లో 'ఇంకా అక్కడేనా' అని అడుగుతారు. 1954లో స్వీడన్ నుంచి గాట్‌లాండ్ ద్వీపానికి సముద్రం అడుగున కేబుల్ వేసి 20 మెగావాట్లు పంపారు. వాణిజ్యపరంగా నడిచిన హెచ్‌వీడీసీ లైన్లకి అది మూలపురుషుడు. 1974లో మైక్రోప్రాసెసర్‌తో నడిచే ఎలక్ట్రిక్ రోబోని అమ్మకానికి పెట్టిందీ ఏసియానే. అందులో ఉన్నది ఇంటెల్ 8008. అప్పటికి మైక్రోప్రాసెసర్ అనేది పుట్టి మూడేళ్ళే.

ఇంత ఘనత ఉన్న రెండు కంపెనీలు ఎందుకు కలిశాయి? మా మెయిల్‌లో రాసినట్టు 'కలిసి కలలు కనడానికి' అయితే కాదు. 1970ల చమురు సంక్షోభం తర్వాత యూరప్‌లో కొత్త పవర్ ప్లాంట్లు కట్టడం తగ్గిపోయింది. పైగా ఏ దేశం కరెంటు బోర్డు ఆ దేశం కంపెనీ దగ్గరే కొనేది. చేసేవాళ్ళు ఎక్కువ, కొనేవాళ్ళు తక్కువ. బ్రౌన్ బోవెరికి టెక్నాలజీ దండిగా ఉంది గానీ లాభాలు లేవు. ఏసియాకి పెర్సీ బార్నెవిక్ అనే మేనేజరు దొరికి లాభాలు బాగా పెరిగాయి గానీ ఇల్లు చిన్నది. బయటివాళ్ళకి వాసన కూడా తగలకుండా మాట్లాడుకుని 1987 ఆగస్టు 10న ప్రకటించేశారు. 1988 జనవరిలో ఏబీబీ పని మొదలైంది. చెరి సగం. హెడ్డాఫీసు జ్యూరిక్, సీఈఓ బార్నెవిక్. ఆఫీసు భాష స్వీడిష్ కాదు, జర్మన్ కాదు, ఇంగ్లీషు. లెక్కలు డాలర్లలో. ఎవరి ఇల్లూ కాని చోట కాపురం పెడితే గొడవలుండవనే లెక్క కాబోలు.

మన దేశంలో కూడా అదే జరిగింది. 1949లో హిందుస్థాన్ ఎలక్ట్రిక్‌గా పుట్టి, 1965లో హిందుస్థాన్ బ్రౌన్ బోవెరిగా మారిన కంపెనీ, 1989లో ఇక్కడి ఏసియాతో కలిసి ఏబీబీ అయింది. సరిగ్గా ఆ ఏడాదే నాన్న డ్యూటీలో చేరాడు. నాన్న కూర్చున్న కంట్రోల్ రూమ్‌లో మూడు ప్లేట్లు ఉండటానికి కారణం ఇదీ.

ఇక్కడిదాకా మేనేజ్‌మెంట్ పుస్తకాలు చెప్పే కథే. 1990ల్లో బార్నెవిక్‌ని బిజినెస్ స్కూళ్ళు దేవుడిలా చూశాయి. దాదాపు 1,300 కంపెనీలు, 5,000 లాభనష్టాల కేంద్రాలు, ఇన్నిటి లెక్కలూ 'అబాకస్' అనే ఒక రిపోర్టింగ్ సిస్టంలోకి నెలనెలా వచ్చేవి. ఒక్కో మేనేజరుకి ఇద్దరు బాసులు, దేశానికి ఒకడు, వ్యాపారానికి ఒకడు. మనందరం తిట్టుకునే ఆ మ్యాట్రిక్స్ పద్ధతిని అంత పెద్ద ఎత్తున చేసి చూపించింది వీళ్ళే. హెడ్డాఫీసుల విషయంలో ఆయనకో సూత్రం ఉండేది. వందమంది ఉంటే 30 మందిని కింది యూనిట్లకి పంపు, 30 మంది పనిని విడిగా సర్వీసు కంపెనీగా చేసి దాని ఖర్చు అదే సంపాదించుకోమను, 30 మందిని ఇంటికి పంపు, మిగిలిన పదిమందితో నడుపు. ఇది చదివినప్పుడు నేను చేసిన మొదటి పని మా ఫ్లోర్‌లో ఎంతమంది ఉన్నామో లెక్కపెట్టుకోవడం.

నేను మాత్రం ఇది ఊరికే జనాన్ని తీసేసిన కథ అనను. రెండు పక్కలా ఒకే రకం ట్రాన్స్‌ఫార్మర్ రెండు డిజైన్లలో చేస్తుంటే ఏదో ఒకటి ఆపాల్సిందే. అది బాధే గానీ దొంగతనం కాదు. దెబ్బ ఇంకో వైపు నుంచి వచ్చింది.

1989లో ఏబీబీ అమెరికాలో కంబషన్ ఇంజనీరింగ్ అనే బాయిలర్ల కంపెనీని 160 కోట్ల డాలర్లకి కొనడానికి ఒప్పుకుంది. అమెరికాలో అడుగుపెట్టడానికి దగ్గరి దారి. అయితే ఆ కంపెనీ 1970ల దాకా అమ్మిన బాయిలర్లకి వేడి బయటకి పోకుండా ఆస్‌బెస్టాస్ వాడింది. ఆ దుమ్ము పీల్చినవాళ్ళకి ఊపిరితిత్తుల జబ్బులు, క్యాన్సర్లు వస్తాయి. వెంటనే రావు, ఇరవై ముప్పై ఏళ్ళ తర్వాత వస్తాయి. అంటే ఆస్‌బెస్టాస్ వాడటం మానేసిన చాలా ఏళ్ళకి కేసులు పెరగడం మొదలవుతుంది. 2002 నాటికి లక్షకు పైగా కేసులు. ఇంకా విచిత్రం ఏంటంటే ఏబీబీ అప్పటికే, 2000లోనే, ఆ బాయిలర్ల వ్యాపారాన్ని పవర్ ప్లాంట్ల విభాగంతో కలిపి ఆల్‌స్తోమ్‌కి అమ్మేసింది. బాయిలర్లు వెళ్ళిపోయాయి, బాకీ మాత్రం ఇంట్లో ఉండిపోయింది.

2001లో ఏబీబీకి దాదాపు 69 కోట్ల డాలర్ల నష్టం వచ్చింది. అప్పులు పెరిగిపోయాయి. 2002 అక్టోబర్‌లో ఒక్కరోజులో షేరు విలువ సగానికి పైగా పడిపోయింది. అదే ఏడాది ఇంకో సంగతి బయటపడింది. బార్నెవిక్‌కి పెన్షన్ కింద 14.8 కోట్ల స్విస్ ఫ్రాంకులు, ఆయన తర్వాత సీఈఓ అయిన గోరన్ లిండాల్‌కి 8.5 కోట్లు ముట్టాయని. గొడవ అయ్యాక బార్నెవిక్ 9 కోట్లు, లిండాల్ 4.7 కోట్లు వెనక్కి ఇవ్వడానికి ఒప్పుకున్నారు. యుర్గెన్ డోర్మన్ అనే ఆయన పగ్గాలు పట్టుకుని, ఒక్కో విభాగం అమ్ముకుంటూ, కొత్త షేర్లు అమ్మి డబ్బు తెచ్చి ఒడ్డున పడేశాడు. ఆస్‌బెస్టాస్ గొడవ 2006 నాటికి, వంద కోట్ల డాలర్లకి పైగా వదిలించుకున్నాక గానీ కొలిక్కి రాలేదు.

మనకి అలవాటైన మాటల్లో చెప్పాలంటే, పాత సిస్టంలో ఎవడో ఎప్పుడో పెట్టిన ప్యాచ్ అది. పెట్టినవాడు లేడు, ఎందుకు పెట్టాడో డాక్యుమెంటు లేదు, కొన్నవాడికి ప్రొడక్షన్‌లో పేలింది. తేడా ఒక్కటే. మన ప్యాచ్ వల్ల సర్వర్లు పోతాయి, అక్కడ మనుషులు పోయారు.

సరే, ఇప్పుడు మా సంగతి. కలిసిన కంపెనీలో బిల్లింగ్ సిస్టంలు రెండున్నాయి. ఒకటి మాది, ఒకటి వాళ్ళది. ఒకటే మిగలాలి. మా వైపు నుంచి పోలిక చేసి పంపే పని నాకు పడింది. ఎక్సెల్ షీటులో కుడివైపు వాళ్ళది, ఎడమవైపు మాది. మాది మిగిలితే మా టీమ్ పదకొండు మందిమీ ఉంటాం. మాలో ఒకాయన మెయిల్ రావడానికి ముందు నెలలోనే ఫ్లాటు కొన్నాడు, ఇరవయ్యేళ్ళ ఈఎంఐ. రోజూ నా దగ్గరికొచ్చి ఏమీ అడగకుండా టీ తాగి వెళ్తున్నాడు. అడిగినా బాగుండేది.

చిక్కు ఎక్కడంటే, మా సిస్టంలో కూడా ఒక ఆస్‌బెస్టాస్ ఉంది. నెలాఖరున బిల్లులు తయారయ్యాక కొన్ని రకాల పన్నుల దగ్గర పైసల రౌండింగ్ తేడా వస్తుంది. దాన్ని సరిచేసే స్క్రిప్టు ఒకటి రాత్రి రెండింటికి ఎవరో ఒకరం చేత్తో నడుపుతాం. రాసినాయన కంపెనీ వదిలి నాలుగేళ్ళయింది. ఎందుకు పనిచేస్తుందో మాలో ఎవరికీ పూర్తిగా తెలియదు. బిల్లుల సంఖ్య రెట్టింపైతే అది నిలబడుతుందని నేను నమ్మను. మా మేనేజరుకి చెబితే ఆయన కాదనలేదు, "షీటులో ఆ కాలమ్ ఎవరూ అడగలేదు కదా" అన్నాడు. నిజమే, అడగలేదు. 1989లో కూడా అడగాల్సినంత గట్టిగా ఎవరూ అడిగి ఉండరు.

రెండు రోజులు ఆ షీటు తెరవడం, మూయడం. ఈ బాధంతా నాన్నకి చెప్పాను. సాఫ్ట్‌వేర్ అర్థం కాదనుకుంటాం గానీ ఆయన అంతా విని, "మీకు లాగ్ బుక్ ఉండదేట్రా?" అన్నాడు.

సబ్‌స్టేషన్‌లో షిఫ్టు దిగేవాడు లాగ్ బుక్‌లో అన్నీ రాసి సంతకం పెట్టి దిగాలి. ఏ లైను మీద పని జరుగుతోంది, ఏ బ్రేకరు సరిగ్గా పడట్లేదు, ఏ ఐసొలేటరు ముట్టుకోకూడదు. తనవల్ల జరిగిన తప్పయినా సరే రాయాలి. "రాస్తే మెమో వస్తాదని రాయకుండా దిగిపోతే, ఎక్కినోడు చస్తాడు. మెమో వొస్తే మూణ్ణెల్లు బాధ. అంతేరా," అన్నాడు. నాన్నకి సర్వీసులో ఎన్ని మెమోలు వచ్చాయో అమ్మకి తెలుసు, ఆయన పక్కన షిఫ్టు ఎక్కినవాళ్ళెవరికీ ఏమీ కాలేదన్నదీ తెలుసు.

షీటులో పద్నాలుగో వరుస చేర్చాను. ఆ స్క్రిప్టు సంగతి, ఎప్పుడు నడపాలో, ఏం తెలియదో, అన్నీ రాశాను. ఫ్లాటు కొన్నాయనకి పంపేముందే చూపించాను. చదివి కాసేపు ఊరుకుని, "నేనూ రెండుసార్లు నడిపాను దాన్ని, భయంభయంగానే," అన్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేదేమో.

కాలేజీలో ఉండగా మమ్మల్ని గాజువాక హెచ్‌వీడీసీ స్టేషన్‌కి తీసుకెళ్ళారు. అందులో 2005లో వచ్చిన రెండో 500 మెగావాట్ల యూనిట్ ఏబీబీదే. తూర్పు గ్రిడ్డు, దక్షిణ గ్రిడ్డు ఒకే తాళానికి నడిచేవి కావు, నేరుగా కలిపితే రెండూ కూలిపోతాయి. అందుకని ఇటు ఏసీని డీసీ చేసి, మళ్ళీ అటు ఏసీ చేసి పంపేవారు. రెండూ ఒకదానికొకటి కరెంటు ఇచ్చుకుంటాయి గానీ ఒకదాని తాళం ఇంకోదానికి అంటదు. దక్షిణ గ్రిడ్డు మిగతా దేశంతో నిజంగా ఒక్క తాళంలో కలిసింది 2013 డిసెంబర్ 31న, ఎన్నో ఏళ్ళు లైన్లు వేసి సిద్ధమయ్యాక. ఏబీబీ కూడా అంతే. పైకి 1988లో కలిసినా, స్వీడన్‌లో ఒక షేరు, స్విట్జర్లాండ్‌లో ఒక షేరు విడివిడిగానే నడిచి 1999లో గానీ ఒకే షేరు అవలేదు. పదకొండేళ్ళు. మాకిచ్చిన గడువు రెండు క్వార్టర్లు.

ఇంతా చేసి ఏబీబీలో ఇప్పుడు ఏం మిగిలిందో చూడండి. ఊనో లామ్ వారసత్వమైన పవర్ గ్రిడ్స్ విభాగంలో 80.1 శాతం 2020 జూలైలో హిటాచీకి వెళ్ళింది, మిగతాది 2022 చివర్లో. అది ఇప్పుడు హిటాచీ ఎనర్జీ. 1974 నాటి రోబో సంతానాన్ని కూడా సాఫ్ట్‌బ్యాంక్‌కి 537.5 కోట్ల డాలర్లకి అమ్మేందుకు 2025 అక్టోబర్‌లో ఒప్పందం ప్రకటించారు. కలవడం ఎంత కథో విడిపోవడం కూడా అంతే కథ. నాన్న చేరినప్పుడు ఒకటే ఎలక్ట్రిసిటీ బోర్డు, 1999లో ట్రాన్స్‌కో, జెన్‌కోలుగా విడిపోయింది, 2014లో రాష్ట్రంతోపాటు మళ్ళీ. ఆయన డ్యూటీ మాత్రం మారలేదు. షిఫ్టు ఎక్కడం, లాగ్ బుక్ చదవడం, రాయడం, దిగడం.

షీటు పంపి పదిరోజులైంది. బుధవారం మీటింగు. అవతలి టీమ్‌లో ఒకమ్మాయి నుంచి నిన్న మెయిల్ వచ్చింది. పద్నాలుగో వరుస చూశాననీ, తమ సిస్టంలోనూ అలాంటివి రెండున్నాయనీ, తమ షీటులో అవి లేవనీ, ఇప్పుడు చేరుస్తున్నాననీ. ఇద్దరు సమానుల కలయిక అన్నమాట నాకు మొదటిసారి కాస్త నిజమనిపించింది.

ఉద్యోగం సంగతి బుధవారం తర్వాత చూడాలి.